నవ్వు మాస్టారు వేశారండి

మొన్న శుక్రవారం నేనేం చేశానో చెబుతాను, ముందు ఆ టీ గ్లాసులు కింద పెట్టండి. పొలమారుతుంది. ఒక ముసలాయన మంచం పట్టి ఉన్నాడు, ఇవాళో రేపో అన్నట్టున్నాడు. తను పోయాక సమాధుల తోటకి ఎటు నుంచి తీసుకెళ్తారని ఆయన బెంగ. ఆ దారి కోసం ఆయన మనవరాలు బొమ్మ వేసింది. ఆ బొమ్మకి నేను రంగులు మార్చి, నాకు తోచిన పేరు పెట్టి, ఫ్రేమ్ కట్టించి, దారి తవ్వేసిన పెద్దమనిషికే శాలువా కప్పి మరీ బహూకరించాను! పైగా చప్పట్లు కూడా కొట్టించాను. అంత సమర్థుణ్ణి.

నవ్వండి, ఫర్వాలేదు. ఇంతవరకూ నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు మింగుడుపడటం లేదు. మీరైనా నాలుగు తిడతారని చెబుతున్నా.

మా హైస్కూలు మీకు తెలుసుగా, పాలకొల్లు దాటాక కాలవ పక్కన. చుట్టూ ఎటు చూసినా రొయ్యల చెరువులే. నేను చెప్పేది సోషల్. డ్రాయింగ్ మాస్టారి పోస్టు నేను చేరినప్పట్నుంచీ ఖాళీయే. నా రైటింగ్ గుండ్రంగా ఉంటుందని ఎవరో అన్న పాపానికి బ్యానర్లు, గోడల మీద సూక్తులు, పదో తరగతి ఫేర్‌వెల్ బోర్డు, అన్నీ నా నెత్తినే పడ్డాయి. పడ్డాయని ఇప్పుడు విసుక్కుంటున్నాను గానీ, లోపల నాకు సరదాయే. కుర్రతనంలో ఎలక్షన్లకి గోడలు రాసిన చెయ్యి ఇది.

పైనుంచి ఆర్డరు వచ్చింది. ప్రతి స్కూల్లోనూ సామాజిక న్యాయం మీద పిల్లల చేత బొమ్మలు వేయించాలి, ఎగ్జిబిషన్ పెట్టాలి, ఫోటోలు తీసి యాప్‌లో ఎక్కించాలి. ఎప్పటిలోగా? శుక్రవారంలోగా. ఆర్డరు వచ్చిందెప్పుడు? మంగళవారం.

హెచ్ఎమ్ మేడమ్ నన్ను పిలిచి, "మాస్టారూ, సోషల్ జస్టిస్ అంటే సోషలే కదండీ, మీరే చూడండి" అన్నారు. లాజిక్కు చూశారా! నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

బోర్డు మీద అంశాలు రాసిచ్చాను. బాల కార్మికులు, ఆడపిల్లల చదువు, మద్యం వల్ల అనర్థాలు, వరద బాధితులకు సాయం. పిల్లలు ఏం వేశారు? సగం మంది భూగోళాన్ని రెండు చేతులు పట్టుకున్నట్టు వేశారు. ఏ పోటీ పెట్టినా అదే బొమ్మ. నీళ్ళు ఆదా చేయమన్నా అదే, ఎయిడ్స్ అన్నా అదే. మిగతా సగం మంది పక్కవాడి దాంట్లో చూసి వేశారు. అందులోనూ చేతికి ఆరు వేళ్ళు.

ఒక్క బొమ్మ దగ్గర ఆగిపోయాను. తొమ్మిదో తరగతి బ్లెస్సీ వేసింది. ఊరి చివర పేట నుంచి వస్తుంది, మూడో బెంచీలో గోడ వైపు కూర్చుంటుంది. పేరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనడం తప్ప గొంతు విన్నది లేదు. ఆ బొమ్మలో గుండెల దాకా నీళ్ళు. ఆ నీళ్ళలో ఆరుగురు మగాళ్ళు ఒక పొడుగాటి పెట్టెని భుజాల మీద మోస్తున్నారు. పెట్టె మీద నల్లగా సిలువలాంటి గుర్తు. ముందు ఒకాయన, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన లావుపాటి పుస్తకాన్ని తడవకుండా నెత్తి మీద పెట్టుకుని నడుస్తున్నాడు. వెనకాల రోడ్డు మీద ఆడవాళ్ళు చేతులు పైకెత్తి నిలబడ్డారు.

మీకిప్పుడు అర్థమైందిగా? చెప్పేశాను కాబట్టి అర్థమైంది. నాకు ఏమర్థమైందో వినండి. వరద. నాలుగో అంశం! పెట్టెలో మందులు. నల్లది ఆస్పత్రి ప్లస్ గుర్తు. పుస్తకం నెత్తిన పెట్టుకున్నాయన పంట నష్టం రాసుకోవడానికొచ్చిన వీఆర్వో గారు. వెనక ఆడవాళ్ళు సాయం అందిన ఆనందంలో చేతులూపుతున్నారు. ఆహా, ఏం ఊహ, ఏం కంపోజిషన్ అని మురిసిపోయాను.

ఇక ఫినిషింగు. మీ దగ్గర దాపరికం ఎందుకు, పై పోటీలకి వెళ్ళే ప్రతి బొమ్మలోనూ సగం మాస్టారే ఉంటాడు. అందరూ చేసే పనే. బ్లెస్సీని పక్కన నిలబెట్టుకుని బ్రష్ తీశాను.

"నీళ్ళు ఇలా బురదాకుపచ్చగా ఉంటే ఎట్టాగమ్మా? నీలం వెయ్యాలి."

"ఆ నీళ్ళు అలాగే ఉంటాయండి మాస్టారూ."

"నాకు తెలుసులే. నీలమైతే కంటికింపుగా ఉంటుంది." వేసేశాను.

తర్వాత ప్లస్ గుర్తు. "కింద గీత ఇంత పొడుగేంటమ్మా? నాలుగూ సమానంగా ఉండాలి. నలుపు కాదు, ఎరుపు." కింద గీత తెల్లరంగుతో చెరిపేసి, ఎర్రగా చక్కగా దిద్దాను. వాళ్ళ నానమ్మ శవప్పెట్టె మీద సిలువని సగం నరికి ఎరుపు పూసిన ఘనుణ్ణి నేనేనండి.

"మాస్టారూ, అది..." అంది బ్లెస్సీ.

"ఉండమ్మా! నువ్వు చెప్పకూడదు, బొమ్మే మాట్లాడాలి. ఆర్టంటే అది."

ఏ జన్మలో చదివానో ఆ ముక్క, అప్పుడే గుర్తు రావాలా! పిల్ల నోరు మూసుకుంది. నేను ఆరుగురు మగాళ్ళ మొహాలూ చూశాను. ఏడుపుగొట్టు మొహాలు. సాయం చేసేవాళ్ళు అలా ఉంటారా? ఆరుగురికీ తలా ఒక నవ్వు గీశాను. కింద నా గుండ్రటి అక్షరాలతో 'ఆపదలో ఆదుకున్న చేతులు' అని రాశాను. ఫస్ట్ ప్రైజ్ ఇచ్చేశాను. ఆ పిల్ల బొమ్మనే చూస్తూ నిలబడింది. సంతోషంతో మాట రావట్లేదనుకున్నా.

ముఖ్య అతిథి ఎవరు? ఇంకెవరు, చిట్టిబాబు గారు. ఊళ్ళో పెద్ద రైతు. మా స్కూలుకి మంచినీళ్ళ ఆర్వో ప్లాంటు పెట్టించింది ఆయనే. చెరువులొచ్చాక ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పగా అయిపోయాయి, ఆ చెరువుల్లో ఎక్కువ భాగం ఆయనవే, అది వేరే సంగతి. మనిషి మాత్రం బహు మర్యాదస్తుడు. ఎదురొస్తే తనే ముందు నమస్కారం పెడతాడు. స్కూలుకి ఏం కావాలన్నా ఆయన గుమ్మమే తొక్కుతాం.

మెమెంటో ఏం ఇద్దామని హెచ్ఎమ్ మేడమ్ అడిగారు. ప్రతిసారీ ఇచ్చే గడియారాలు ఆయనింట్లో గోడకి నాలుగున్నాయి. నా బుర్రలో బల్బు వెలిగింది. "ఫస్ట్ ప్రైజ్ బొమ్మనే ఫ్రేమ్ కట్టించి ఇద్దామండి, పిల్లల చేతి పని, బావుంటుంది" అన్నాను. మేడమ్ పొంగిపోయారు. నేనే స్వయంగా పాలకొల్లు వెళ్ళి బంగారు అంచు ఫ్రేమ్ కట్టించుకొచ్చాను.

శుక్రవారం వచ్చింది. షామియానా, మైకు, స్టేజీ మీద కుర్చీలు, గెస్టులకి ఆత్రేయపురం పూతరేకులు. ఫస్ట్ ప్రైజ్ పిల్ల రెండు ముక్కలు మాట్లాడాలని నేనే ఒక పేరాగ్రాఫు రాసిచ్చి బట్టీ పట్టించాను. 'గౌరవనీయులైన ముఖ్య అతిథి గారికి నా నమస్సులు, వరదలు వచ్చినప్పుడు మనమందరమూ...' ఇలా. మూడుసార్లు అప్పజెప్పింది, ఒక్క తప్పు లేదు.

మైకు దగ్గరికి వచ్చింది. రెండు జడలు, రిబ్బన్లు. "గౌరవనీయులైన ముఖ్య అతిథి గారికి నా నమస్సులు" అంది. ఆగింది. మర్చిపోయిందేమోనని పక్క నుంచి "వరదలు... వరదలు" అని అందించాను.

"వరదలు కాదండి" అంది మైకులో.

ఎక్కడో చిన్న నవ్వు వినబడింది.

"పెట్టెలో ఉంది మా నానమ్మండి. వర్షాల్లో చనిపోయిందండి. మా సమాధుల తోటకి దారి లేదండి. ఇదివరకు రెండు చెరువుల మధ్య గట్టు మీద నుంచి తీసుకెళ్ళేవారండి. రెండు చెరువులూ కలిపేసి గట్టు తీసేశారండి. అందుకని చెరువులో దిగి తీసుకెళ్ళారండి. నెత్తి మీద బైబిలు పెట్టుకున్నది మా పాస్టరు గారండి. కుడిపక్క ముందున్నది మా నాన్నండి. మా నాన్న ఆ రోజు నవ్వలేదండి. నవ్వు మాస్టారు వేశారండి."

అంతే! ఆరో తరగతి వరస నుంచి ఒక్కసారిగా నవ్వులు! పిల్లలు కదా, మాస్టారు దొరికిపోయాడంటే వాళ్ళకి పండగ. పీఈటీ గారు విజిల్ ఊదారు. పెద్దవాళ్ళ వరసలో మాత్రం ఎవరూ నవ్వలేదు. అందరూ కాళ్ళ వైపు చూసుకుంటున్నారు. అది ఏ చెరువో వాళ్ళందరికీ తెలుసు మరి. ఆ పేట ముందు నుంచి పన్నెండేళ్ళుగా రోజూ బండి మీద వెళ్ళే నాకే అప్పటిదాకా తెలీదు.

బ్లెస్సీ ఇంకా ఆపలేదు. "మా తాతకి ఇప్పుడు బాగోలేదండి. నన్ను ఎటు నుంచి తీసుకెళ్తారని రోజూ అడుగుతున్నాడండి. ఆ గట్టు మళ్ళీ వేయించమని అడగడానికి ఈ బొమ్మ వేశానండి" అని నమస్కారం పెట్టి పక్కకి తప్పుకుంది.

అప్పుడు ఎవడైనా మనిషన్నవాడు ఏం చేస్తాడు? మైకు తీసుకుని ఒక్క మాటైనా అంటాడు. కనీసం మౌనంగా ఉంటాడు. నేను మైకు లాక్కుని "చప్పట్లు! అందరూ గట్టిగా చప్పట్లు!" అని అరిచాను. చేతిలో ప్రోగ్రామ్ కాగితం ఉంది. అందులో తరవాతి ఐటమ్ ముఖ్య అతిథికి సత్కారం. నా కాళ్ళు వాటంతటవే నడిచాయి. శాలువా కప్పాను. ఫ్రేమ్ చేతికిచ్చాను. ఫోటోగ్రాఫరు "పాప కూడా రామ్మా, సార్ పక్కన నిలబడు, స్మైల్ ప్లీజ్" అన్నాడు. ఫోటోలో నవ్వుతున్నది నేనొక్కణ్ణే. బొమ్మలోని ఆ ఆరుగురినీ లెక్కేస్తే ఏడుగురం.

చిట్టిబాబు గారు ఫ్రేమ్ వైపు చూసి, నా చెవి దగ్గరికి వంగి మెల్లిగా అడిగారు. "ఏ చెరువు మాస్టారూ ఇది?"

అసలు తప్పు ఇక్కడుందండి. సిలువ నరకడం, నవ్వులు గీయడం తెలియక చేశాను. ఇది తెలిసి చేశాను. బ్లెస్సీ మా ఇద్దరి మధ్యలోనే ఉంది, తల ఎత్తి నా మొహంలోకి చూస్తోంది.

"అబ్బే, ఏ చెరువూ కాదండి. పిల్ల కదా, ఇమాజినేషన్" అన్నాను.

"ఇమాజినేషన్ బావుంది" అన్నారాయన, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

బ్లెస్సీ తల దించుకుంది. ఆ తల ఇంకా నా కళ్ళ ముందే ఉంది.

మర్నాడు ఇంటర్వెల్‌లో వాళ్ళ నాన్న స్కూలుకొచ్చాడు. ప్రకాశం అని, చిట్టిబాబు గారి చెరువుల మీదే మేత వేసే పని. తిడతాడనుకుని స్టాఫ్‌రూమ్‌లోంచి ఇవతలికి తీసుకెళ్ళాను, నలుగురిలో పరువెందుకని. ఆయన చెప్పులు విప్పి వరండా కింద నిలబడ్డాడు.

"పాప తెలియక మాట్లాడిందండి. ఏమీ అనుకోకండి మాస్టారండీ."

"అయ్యో, నేనేమనుకుంటాను! చిట్టిబాబు గారు మిమ్మల్ని ఏమైనా అన్నారా?"

"ఆయ్, ఆయనేమీ అనలేదండి. చెరువుల మేస్త్రీయే, పిల్లకి నోరు నేర్పావా అన్నాడండి." కాసేపు నసిగి, "ఒక్క మాటండి. ఆ బొమ్మ తాతకి చూపిస్తానని చెప్పి వచ్చిందంటండి. రాత్రి పాప అన్నం తినలేదు. ఎలాగైనా ఆ బొమ్మ ఇప్పించగలరాండి?"

నాలో వీరుడు లేచాడు. బొమ్మేంటి, గట్టే వేయించుకొస్తానన్నాను. అనేశాక ఇంకేముంది, ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని చిట్టిబాబు గారింటికి వెళ్ళాను. దారంతా డైలాగులు ప్రాక్టీసు చేసుకున్నాను. రాజ్యాంగం, సమానత్వం, ఆర్టికల్ నంబర్లతో సహా. ఎంతైనా సోషల్ కదా.

బొమ్మ హాల్లో టీవీ పైన తగిలించి ఉంది. గడియారాల్లో ఒకటి తీసేసి మరీ పెట్టారు. "రండి మాస్టారూ, రండి. నీళ్ళ రంగు భలే ఉందండి" అన్నారాయన. కాఫీ వచ్చింది. రాజ్యాంగం గొంతు దాకా వచ్చి కాఫీతో పాటు కిందికెళ్ళిపోయింది.

"ఆ గట్టు విషయమండి..." అన్నాను చివరికి.

ఆయన నొచ్చుకున్నారు. నిజంగానే నొచ్చుకున్నారు, నటన కాదు. "నేనెవర్నీ ఆపలేదే మాస్టారూ! ఆ రోజు వాళ్ళొచ్చి అడిగితే, దిగి వెళ్ళండి అన్నాను. వాళ్ళు దాటేదాకా గంటసేపు ఏరియేటర్లు ఆపించాను. ఏరియేటరు ఆగితే నీళ్ళలో గాలి ఉండదు, రొయ్య చచ్చి తేలిపోతుంది. ఎంత రిస్కో మీకు తెలుసా? ఇంకొకడైతే ఆపుతాడా చెప్పండి!"

"ఆపడండి" అన్నాను. చూడండి, నేను వాళ్ళ తరఫున వెళ్ళిన మనిషిని!

"ఇప్పుడు చెరువు మధ్యలో గట్టంటే అయ్యే పని కాదు. ఈ రొయ్యల పట్టుబడి అయిపోనివ్వండి, చూద్దాం. మూడు నెలలు."

"ఆ ముసలాయన మూడు నెలలు..."

"అదేమైనా మన చేతుల్లో ఉందాండీ?" అని పైకి చూపించారు.

బొమ్మ సంగతీ ఎత్తాను. "ఇచ్చిన జ్ఞాపిక వెనక్కి అడుగుతారా మాస్టారూ!" అని పెద్దగా నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను, నవ్వులు గీయడమే కాదు, నవ్వడమూ వచ్చు నాకు. లేచి వస్తుంటే పాలేరు చేత ఒక కవరు తెప్పించారు. "ఇవాళే పట్టారు, ఫ్రెష్‌షు. పిల్లలకి వండించండి." రెండు కేజీలుంటాయి. వద్దనలేకపోయాను.

దారి కోసం వెళ్ళినవాణ్ణి రొయ్యలతో ఇంటికొచ్చాను. మా ఆవిడ ఇగురు పెట్టింది. ఏ చెరువువో నాకు తెలుసు. గొంతు దిగదనుకున్నా. దిగింది. మారు కూడా వడ్డించుకున్నాను. ఆవిడ "ఏంటండీ, తింటూ ఆ మొహమేంటి?" అంది. కారం ఎక్కువైందన్నాను.

సాయంత్రం ఇంట్లో కూర్చోలేక పేటకి వెళ్ళాను. పన్నెండేళ్ళలో మొదటిసారి బండి ఆపి దిగాను. చర్చి పక్క సందులో రెండో ఇల్లు. తాత నవ్వారు మంచం మీద ఉన్నాడు. దుప్పటి కింద మనిషున్నట్టే లేదు. బ్లెస్సీ కుర్చీ తెచ్చి వేసింది, నా వైపు చూడలేదు.

"మాస్టారు గారాండీ, పాప బొమ్మ తెచ్చారా?" అన్నాడు.

"ఇంకా... మాట్లాడుతున్నానండి. గట్టు విషయం కూడా మాట్లాడుతున్నాను. మూడు నెలల్లో..."

ఆయన చెయ్యి పైకెత్తి ఆపాడు. అరవై ఏళ్ళు పెద్దమనుషుల పొలాల్లో పనిచేసిన మనిషి. 'చూద్దాం' అంటే ఏంటో ఆయనకి నేను చెప్పాలా!

"పోనీలెండి. మా ఆవిడ లావుపాటి మనిషండి, ఆరుగురు పట్టినా పెట్టె వంగిపోయింది, కాళ్ళవైపు తడిసింది. తడిసిన పెట్టెతోనే భూస్థాపన చేశారండి. అది నాకు మనసులో ఉండిపోయింది. నేను తేలికేనండి. మీరు పొడుగ్గా ఉన్నారు. ఆ రోజు వచ్చి ఎడంపక్క ముందు పట్టండి. నీళ్ళు నా దాకా రావు."

"తప్పకుండా వస్తానండి" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకే. ఆయనకి లేవు.

బయటికొచ్చి బండి తీస్తుంటే బ్లెస్సీ వెనకాలే వచ్చింది. శుక్రవారం తరవాత నాతో మాట్లాడ్డం అదే మొదలు.

"మాస్టారూ, మీకు ఈత వచ్చాండీ?"

"ఎందుకమ్మా?"

"ఎడంపక్కన తూము ఉంటదండి. అక్కడ లోతు. నానమ్మప్పుడు మా బాబాయి జారిపోయాడండి. ఈతొచ్చు కాబట్టి లేచాడు."

పుట్టింది గోదావరి జిల్లా, పెరిగింది కాలవ గట్టు మీద, ఈత మాత్రం రాదు నాకు. వెన్నెముక ఉన్న మనిషైతే మర్నాడే తహసీల్దారు ఆఫీసుకి అర్జీ పట్టుకుని వెళ్తాడు. నేను సోమవారం తెల్లారేసరికి కాలవ రేవుకి వెళ్ళాను. నడుముకి ఖాళీ ప్లాస్టిక్ క్యాను కట్టుకుని, చాకలి వాళ్ళ పిల్లలు నవ్వుతుంటే, ఈత నేర్చుకుంటున్నాను. ముసలాయన ఎన్నాళ్ళు ఆగుతాడో తెలీదు కదా, రోజూ వెళ్తున్నా. నిన్నటికి నాలుగు బారల ఈత వచ్చింది. నీళ్ళంటే భయం చాలావరకు పోయిందండి. చిట్టిబాబు గారంటేనే ఇంకా పోలేదు.